మోకాలు వంచని జట్టు

చుక్కాని అన్న పేరు ఆ పిల్లకి ఎవరు పెట్టారో గానీ, పెట్టినవాళ్ళు తెలివైనవాళ్ళే. వాళ్ళ నాన్న ఫైబర్ పడవలకి పడ్డ చిల్లులు పూడ్చే మనిషి. రోజంతా రెజిన్ జిగురు వాసన, చేతులకి గాజుపొడి దురద, సాయంత్రానికి మాట్లాడే ఓపిక కూడా మిగిలేది కాదు. అమ్మ ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని చేసి వచ్చి, కంచం ముందు కూర్చునే కునికేది. ఇంట్లో నోరున్నది ఈ పిల్ల ఒక్కతే. ఆ నోటికి ఇల్లు చాల్లేదు. పదహారేళ్ళకే పదిమందిని పోగేసి నడిపించాలన్న పిచ్చి పట్టుకుంది. బడిలో నాటకం వేయిస్తానంటే మాస్టారు కసిరారు. వీధిలో వాలీబాల్ జట్టు పెడితే బంతి మురిక్కాలవలో పడి, జట్టు దాని వెనకే పోయింది.

సముద్రం ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన పాయ ఒకటి నాన్న పడవలు బాగుచేసే షెడ్డు ముందే ఉంది. దాని ఒడ్డున ప్యాడిల్ బోర్డులు అద్దెకిచ్చే దుకాణం కొన్నాళ్ళు నడిచి మూతపడింది. పైన మనిషి నిలబడి, పొడుగాటి తెడ్డుతో నీళ్ళు నెట్టుకుంటూ పోయే వెడల్పాటి బోర్డులవి. పగిలినవాటిని చెత్తబండిలోకి ఎత్తుతుంటే చుక్కాని అడ్డం పడి అడుక్కుంది. కూతురు మంకుపట్టు పడితే తట్టుకోలేడు కనక, నాన్న వాటికి ఫైబర్ గుడ్డ వేసి, రెజిన్ పూసి, అతుకులు గరుకు కాగితంతో రుద్ది ఇచ్చాడు. ఐదు పనికొచ్చాయి, వాటికి తగ్గట్టు ఐదుగురు పిల్లల జట్టు పోగైంది. పడినా బోర్డు దూరం పోకుండా కాలికి కట్టుకునే తాళ్ళు అప్పటికే కుళ్ళి ఊడిపోయాయి, వాటి ఊసు ఎవరూ ఎత్తలేదు. లైఫ్ జాకెట్లు మూడే దొరికితే చిన్నవాళ్ళకి తొడిగారు. పెద్దపిల్లలిద్దరికీ ఈత వచ్చు కదా, చాల్లే అనుకున్నారు.

ఆ ఇద్దరిలో ఒకతి చుక్కాని, రెండోది గుండుసూది. పక్కవాటాలో మిషను కుట్టే టైలరమ్మ కూతురు, సన్నగా ఉంటుంది, మాట మాత్రం చురుక్కుమంటుంది. తండ్రి లేడు, తోబుట్టువుల్లేరు. చుక్కాని కంటే ఏడాది చిన్నది. అక్కా అంటూ కొంగు పట్టుకున్నట్టు తిరిగేది. చుక్కాని దూకమంటే దూకేది, ఎందుకని అడిగేది కూడా కాదు. వాళ్ళమ్మ మిగిలిన గుడ్డముక్కలు అతికి జట్టంతటికీ పసుపు బనియన్లు కుట్టి పెట్టింది.

మొదట్లో అందరూ బోర్డు మీద మోకాళ్ళ మీద కూర్చునే తెడ్డు వేశారు. నిలబడితే కాళ్ళు గడగడా వణికేవి మరి. జెట్టీ మీద వలలు బాగుచేసుకునేవాళ్ళకి అది మంచి కాలక్షేపమైంది.

"ఏమ్మా, పాయకి తడిగుడ్డ పెడుతున్నారా? ఆ మూల కాస్త మురికుంది చూడండి," అని ఒకడు అరిచేవాడు. "మా ఇంటి వసారా కూడా తుడిచి పెట్టండమ్మా," అని ఇంకొకడు అందుకునేవాడు.

చుక్కానికి ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే షెడ్డులో చట్టం చేసింది. ఇకమీదట మోకాలు వంచినవాళ్ళు షెడ్డంతా తుడవాలి, ఐదు బోర్డులూ కడగాలి. చట్టాలు చేసేవాళ్ళందరికీ ఉండే జబ్బే ఈ పిల్లకీ ఉంది, కోపం మీద చేసి అదే క్రమశిక్షణ అనుకుంది. అయినా పనిచేసింది. పడ్డారు, లేచారు, మోచేతులు చెక్కుకుపోయాయి, నెల తిరిగేసరికి ఐదుగురూ నిట్టనిలువుగా పాయ అడ్డంగా దాటేవాళ్ళు. జెట్టీ మీద నవ్వులు ఆగిపోయాయి. "మేం మోకాలు వంచం," అని పిల్లలు బడిలో కూడా చెప్పుకు తిరిగారు.

నాన్న ఒక్కసారి మాత్రం అన్నాడు. "ఒడ్డు వైపు నుంచి గాలి లేస్తే కూర్చోవాలే. నిలబడ్డ మనిషి తెరచాపలాంటివాడు. తెడ్డు ఎంత వేసినా మొగ వైపు ఈడ్చుకుపోతుంది." పాయ సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. సముద్రం నీళ్ళు వెనక్కి తీసే వేళ అక్కడ పెద్ద పడవలే జాగ్రత్తగా పోతాయి. చుక్కాని సరే నాన్నా అంది. అంది గానీ, ఆ మాటని చట్టంలో చేర్చలేదు.

ఇంతలో క్రీడల ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. పాయ ఒడ్డున ప్రభుత్వం వారి పడవల గది ఒకటి తాళం వేసి పడుంది. పిల్లల ఆట బాగుంటే అది జట్టుకిచ్చేస్తానని, కొత్త బోర్డులు కూడా తెప్పిస్తానని ఆయన మాటిచ్చాడు. చుక్కానికి వారం రోజులు తిండి సయించలేదు. జీవితంలో మొదటిసారి ఒక పెద్దమనిషి తన పని చూడ్డానికి కార్లో వస్తున్నాడు.

వచ్చాడు. జెట్టీ చివర నిలబడి వీడియో తీయడానికి ఫోను పైకెత్తాడు. ఐదుగురూ నీళ్ళ మీద వరసగా నిలబడి, తేలే నీలం పీపా చుట్టూ తిరిగి రావాలి. గుండుసూది అందరికంటే ముందు, మొగకి దగ్గరగా ఉంది. ఆమె వెనక చుక్కాని, ఆ వెనక చిన్నవాళ్ళు ముగ్గురు. పీపా దగ్గరకి వచ్చేసరికి ఒడ్డు వైపు నుంచి గాలి లేచింది. ముందు వీపుకి చల్లగా తగిలింది, తరవాత బనియన్లు ఉబ్బాయి, తరవాత బోర్డులు వాటంతటవే ముందుకి జరగడం మొదలైంది.

గుండుసూది వెనక్కి తిరిగింది. "అక్కా, కూర్చోనా?"

చుక్కాని జెట్టీ వైపు చూసింది. ఫోను ఇంకా పైనే ఉంది. "వద్దే. కాసేపు ఓర్చుకో. ఆయన తీస్తున్నాడు."

కాసేపు గడిచింది. "అక్కా, లాగేస్తోంది. కూర్చుంటానే."

ఈసారి చుక్కాని వినబడనట్టే ఊరుకుంది.

ఆఫీసరు ఫోను దించి చప్పట్లు కొట్టే వేళకి గుండుసూది పీపా దాటిపోయింది. అప్పుడు అరిచింది చుక్కాని, కూర్చోవే కూర్చో అని గొంతు చించుకుని. ఆ పిల్ల విని మోకాళ్ళు వంచబోయింది. వంచుతుండగానే పడిపోయింది. ఖాళీ బోర్డుని గాలి ఆకులా ఎత్తుకుపోయింది. కాలికి తాడు లేదు, ఒంటి మీద జాకెట్టు లేదు. నీళ్ళలో పసుపు మచ్చ ఒకటి రెండుసార్లు కనబడింది. వెనక ముగ్గురు చిన్నవాళ్ళు కూడా కొట్టుకుపోతూ ఏడుస్తున్నారు. చుక్కాని ఆ ముగ్గురినీ కూర్చోబెట్టి, నెట్టుకుంటూ, తిట్టుకుంటూ ఒడ్డుకి చేర్చింది. అందుకు ఆమెని ఎవరూ తప్పుపట్టలేరు, కానీ చుక్కానికి అది ఏమాత్రం ఊరటనివ్వలేదు. వలలవాళ్ళ మోటారు పడవ తాడు ఎన్నిసార్లు లాగినా ఇంజను అంటుకోలేదు, అంటుకునేసరికి వెతకడానికి ఏమీ మిగల్లేదు. మర్నాడు పొద్దున గుండుసూది మొగ అవతలి ఇసుకలో దొరికింది.

సంతాపసభ పెట్టారు. ఆఫీసరు కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడాడు. మనిషి చెడ్డవాడేం కాదు, చూసింది చూసినట్టే చెప్పాడు. "ఆ పాప ఆఖరి క్షణం దాకా మోకాలు వంచలేదు. నిలబడే పోయింది." జెట్టీ మీదున్నవాళ్ళంతా అవునని తలలూపారు. అంత దూరం నుంచి వాళ్ళకి కనబడింది అంతే.

టైలరమ్మకి ఆ మాట ఒక్కటే దొరికింది పట్టుకోవడానికి. అప్పటిదాకా అన్నం ముట్టకుండా గోడకి తల కొట్టుకున్న మనిషి, మెల్లిగా లేచి మిషను ముందు కూర్చుంది. వచ్చినవాళ్ళ భుజాల కొలతలు తీస్తూ చెప్పేది, "నా కూతురికి భయమంటే తెలీదండీ. నవ్వుతూ నిలబడి ఉంటుంది, నాకు తెలుసు." ఏడుపు మానేసింది. వీధంతా హమ్మయ్య అనుకుంది.

పడవల గది ఇచ్చేశారు. గుమ్మం మీద గుండుసూది అసలు పేరు రాసి, కింద "మోకాలు వంచని జట్టు" అని రాయించారు. కొత్త బోర్డులు వచ్చాయి, కాలి తాళ్ళు వచ్చాయి. పిల్లలు తండోపతండాలుగా వచ్చిపడ్డారు. చుక్కాని మానేస్తానంది. "నా పిల్ల పేరు మీదున్నదాన్ని నువ్వే వదిలేస్తే ఎవరు చూస్తారే," అని టైలరమ్మ చేతులు పట్టుకుంది. మర్నాడు చుక్కానే గది తాళం తీసింది. కోరుకున్నదంతా చేతికొచ్చింది. గుమ్మం మీది ఆ పేరు చదవకుండా తలొంచుకుని లోపలికి పోయేది.

చట్టం రద్దు చేశానని మొదటిరోజే చెప్పింది. గాలి లేస్తే కూర్చోవాలని, కూర్చున్నవాళ్ళే తెలివైనవాళ్ళని వంద రకాలుగా చెప్పింది. ఒక్కరూ వింటే ఒట్టు. గాలొస్తే మరింత బిగుసుకుని నిలబడేవాళ్ళు. వాళ్ళ వరకు అది ఆట కాదు, దేవుడి మొక్కు అయిపోయింది. ఒకరోజు ఇద్దరు పీపా దాకా కొట్టుకుపోతే పడవేసుకెళ్ళి తెచ్చారు. తెచ్చినవాళ్ళని పిల్లలు భుజాలెక్కించుకుని ఊరేగించలేదు, కొట్టుకుపోయినవాళ్ళని ఊరేగించారు.

ఆ సాయంత్రం షెడ్డులో నాన్నకి మొత్తం చెప్పేసింది. ఆయన గరుకు కాగితం పక్కన పెట్టి మోచేతులు గోక్కున్నాడు.

"చెబితే టైలరమ్మ మళ్ళీ అన్నం మానేస్తుంది," అన్నాడు.

"చెప్పకపోతే?"

"అది నీకూ తెలుసు కదే. నన్నెందుకు అడుగుతావు."

నాన్న వద్దంటాడేమోనని ఆశపడింది. ఆయన అనలేదు. చుక్కానికి ఆయన మీద కోపం వచ్చింది, ఆ కోపంతోనే ఇంకో రెండు వారాలు నెట్టుకొచ్చింది.

ఆదివారాలు టైలరమ్మ జెట్టీ మీదకి వచ్చి కూర్చునేది. ఆ ఆదివారం కూడా వచ్చింది. పిల్లలు బోర్డులు నీళ్ళ అంచుకి మోసుకొచ్చారు. ఒడ్డు వైపు నుంచి గాలి అప్పుడే మొదలైంది, గది తలుపు టపటపా కొట్టుకుంటోంది. చుక్కాని అందరినీ ఆపి, ఈరోజు నిలబడేది లేదు, కూర్చుని చేసేవాళ్ళే దిగండి అంది.

పళ్ళూడిన బుడుగు ఒకడు ముందుకొచ్చాడు. "గుండుసూదక్క కూర్చుందా?"

మిగతావాళ్ళు కూర్చోలేదు, కూర్చోలేదు అని గోల చేశారు. జెట్టీ మీద టైలరమ్మ మొహం వెలిగిపోయింది. "అలా అడగండర్రా," అంది.

చుక్కాని ఆవిడ మొహం చూసింది, బోర్డుల వైపు చూసింది. పదిమందికీ వినబడేలా చెప్పడం తనకి వచ్చిన ఒకే విద్య. ఇప్పుడు అదీ వద్దనిపించింది. అయినా చెప్పింది.

"కూర్చుంటానంది. కూర్చోనా అక్కా అని నన్నడిగింది. ఆఫీసరు ఫోనులో తీస్తున్నాడని నేనే వద్దన్నాను. చివరికి మోకాళ్ళు వంచుతూనే పడిపోయింది. నేను చూశాను."

బుడుగు తన బోర్డుని మెల్లిగా నేల మీద దించాడు. మిగతావాళ్ళు ఒకరి తరవాత ఒకరు బోర్డులు ఎత్తుకుని గదిలోకి నడిచారు. ఆ రోజు ఎవరూ నీళ్ళలో దిగలేదు.

టైలరమ్మ జెట్టీ దిగి దగ్గరకొచ్చింది. కొడుతుందనుకుంది చుక్కాని. కొడితే బాగుండుననుకుంది.

"భయపడిందా?" అనడిగింది టైలరమ్మ.

"భయపడింది పిన్నీ."

"భయం లేకుండా పోయిందనుకున్నానే. ఇన్నాళ్ళూ అది అనుకునే అన్నం తింటున్నాను." ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. నీళ్ళకేసి చూస్తూ మళ్ళీ అడిగింది. "ఎన్నిసార్లు అడిగింది నిన్ను?"

ఒకసారని చెబుదామనుకుంది చుక్కాని. ఒకసారయితే ఆవిడకీ కాస్త తేలిగ్గా ఉంటుంది, తనకీ ఉంటుంది. పిల్లలు గది గుమ్మంలోంచి చూస్తున్నారు.

"రెండుసార్లు," అంది.

టైలరమ్మ ఉన్నచోటే తడి ఇసుకలో కూలబడింది. కూతురు దొరికిన పొద్దున ఏడ్చిన ఏడుపు మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టింది.