రాలిన పండు చూస్తే ఆగని ఓబుళేశు

రాలిన పండు కంటబడితే ఓబుళేశు ఆగలేడు. అది తన చెట్టుదా, పరాయి చెట్టుదా, పెళ్ళివారి పళ్ళెంలోంచి దొర్లిందా అని చూడడు. వంగి తీస్తాడు, రెండుగా చీలుస్తాడు, లోపల పురుగు కనిపిస్తే తప్పిపోయిన చుట్టం దొరికినంత సంబరపడతాడు. ఆ తర్వాత జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, పండును అందులో వేసి, గట్టిగా ముడివేసి, మిద్దెమీద ఎండలో పెడతాడు.

పత్తికొండలో ఆయన పక్కిల్లే రంగస్వామిది. బేతంచెర్ల బండల వ్యాపారం. ఇద్దరి పెరళ్ళ మధ్యా ఒకటే గోడ. గోడకు అటొక జామచెట్టు, ఇటొక జామచెట్టు, రెండూ ఒకే రోజు నాటినవి. ఓబుళేశు వైపు కాయలు నిగనిగలాడతాయి. రంగస్వామి వైపు కాయ కొరికితే పురుగు పలకరిస్తుంది. రంగస్వామి కడుపుమంట అక్కడ మొదలైంది.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు. "ఏం మందు కొడతాండావప్పా?"

"మందేం లేదు. రాలిన పండును నేలమీద ఉండనీయగాకు. పురుగు మన్నులోకి దిగుతాది, ఈగై లేస్తాది, మళ్ళా నీ కాయలోనే గుడ్లు పెడతాది. నన్ను రానిస్తే నీ పెరట్లోవి గూడా ఏరి పారేస్తా."

చెత్త ఏరితే కాయ నిగనిగలాడుతుందంటే ఎవడు నమ్ముతాడు? అసలు మందు దాచిపెట్టి, పైగా తన పెరడు చూడాలని వస్తున్నాడనుకున్నాడు రంగస్వామి. ఓబుళేశు కవరు పట్టుకుని వచ్చినప్పుడల్లా గేటు దగ్గరే ఆపేసేవాడు.

మొన్న వేసవిలో ఒక పెళ్ళిలో తాంబూలం పళ్ళెంలోంచి మామిడిపండు జారింది. ఓబుళేశు పందిట్లోనే గొంతుకూర్చుని దాన్ని చీల్చాడు. "ఇదో, అద్దెకున్నోడు!"

పెళ్ళికూతురి తండ్రి చేతులు జోడించాడు. "లగ్నం దాటిపోతాంది సామీ, ముందు అక్షింతలెయ్యి."

"ఏస్తా గానీ, కవరొకటుంటే ఇయ్యి."

పందిరంతా నవ్వింది. రంగస్వామికి మాత్రం నవ్వు రాలేదు. పురుగును చూపించి కూడా మెప్పు కొట్టేసేవాడు ఈయనొక్కడే అని ఏడుపు.

ఈ ఏడు రంగస్వామికి పెద్ద చిక్కొచ్చింది. తొలి మంచికాయలు ఉరుకుంద ఈరన్నసామికేనని చెట్టు నాటిననాడే మొక్కుకున్నాడు. ప్రతి శ్రావణమూ సామికంటే ముందు పురుగే ఆరగించేది. దానికి తోడు తన చెట్టు కొమ్మ ఒకటి గోడ దాటి అటు వంగితే, ఆషాఢంలోనే ఓబుళేశు పాతపంచె చింపి చిన్నచిన్న సంచులు కుట్టి, ఆ కొమ్మ పిందెలన్నిటికీ తొడిగాడు. తన కాయలకు గురుతు పెట్టుకుంటున్నాడని రంగస్వామి రగిలిపోయాడు. అడిగితే గోడ దాటిన కొమ్మ నాదేనంటాడేమోనని భయపడి, కోపం మింగేశాడు.

భార్య హంపమ్మ మాత్రం తెగేసి చెప్పింది. "గురువారం ఉరుకుందకు పోతాండాం. మన చెట్టుకు మంచికాయ లేదంటే ఓబుళేశన్ననడిగి తెస్తా."

"ఆయప్ప కాయలు పెట్టేకంటే మొక్కు ఎగ్గొట్టేదే మేలు!"

"సామికి కాయ గావాల్నా, నీ పంతం గావాల్నా?"

గురువారం పొద్దున రంగస్వామి తనవైపు కాయలన్నీ కోసి చూశాడు. ప్రతిదానిమీదా ఈగ పొడిచిన మచ్చే. హంపమ్మ గంప తీసుకుని పక్కింటికి బయలుదేరింది. ఇక లాభం లేదని రంగస్వామి స్టూలెక్కి, గోడమీదుగా వంగి, సొంత కొమ్మకు దొంగలా చెయ్యి చాచాడు.

"నిదానమప్పా" అన్నాడు కిందనుంచి ఓబుళేశు. "కొమ్మ ఇరుగుతాది. తొడిమతో కొయ్యి."

"ఇది నా కొమ్మ!"

"నీది కాదన్న్యానా? నా చెట్టు కాయలిస్తే సామి తీసుకుంటాడు, నువ్వు తీసుకోవు. నీ పెరట్లోకి రానీయవు. అందుకే ఈపక్కకొచ్చిన నీ కొమ్మకే సంచులు కట్టినా. ఈగ వాలేకి సందు లేదు."

రంగస్వామి ఒక ముడి విప్పాడు. కాయ ఒక్క మచ్చయినా లేకుండా నున్నగా ఉంది. సిగ్గూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. మంచితనంలో కూడా ఈయనే ముందున్నాడే అని, వాటి వెనకే కొత్త అసూయ ఒకటి వచ్చింది.

"నువ్వూ రాప్పా ఉరుకుందకు" అన్నాడు కాయను తొడిమతో కోస్తూ.

"వస్తా, వస్తా. కవర్లు తెచ్చుకోనీ. ఆడ ఎన్ని రాలినాయో ఏమో!"

గుళ్ళో పూజారి అర్చనకు పేరడిగాడు. రంగస్వామి గంప సామి ముందు దించి, మొదట ఓబుళేశు పేరే చెప్పాడు. తర్వాత తన పేరు చెప్పుకున్నాడు. సామికి సరిగా వినబడిందో లేదోనని, తన పేరు మాత్రం ఇంకోసారి చెప్పుకున్నాడు.