పద్మక్క తెంపిన మోర్‌పంఖీ కొమ్మ

ఆకు పుస్తకంలో పెట్టుకుంటే చదువొస్తుందని మా ఇంటి ముందు మోర్‌పంఖీ మొక్కల కంచెను బడిపిల్లలు తెంపి తెంపి సొట్టలు చేశారు. ఈ రోజు కోపమొచ్చి, అంతా సమంగా కత్తిరిద్దామని కత్తెర పట్టుకుని ఒక మూల నుంచి మొదలుపెట్టాను. ఇంతలో పక్కింటి పద్మక్క వచ్చింది.

"తమ్ముడూ, జర ఆగు. నాకో కొమ్మ గావాలె."

"పిల్లలకా అక్కా? వాళ్ల పరీక్షలు అయిపోయినయి గదా?"

"పిల్లలకు గాదు, నాకే. ఓపెన్ టెన్త్ కట్టిన. ఎల్లుండి లెక్కల పరీక్ష."

నలభై దాటిన అక్క సిగ్గుపడుతూ నవ్వింది. కింద కోసిన కొమ్మలు కుప్పగా ఉన్నా వద్దంది. తన చేత్తో తెంపుకుంటేనే పనిచేస్తుందట! కంచెకు ఇంకో సొట్ట పడింది. నేను కత్తెర లోపల పెట్టేశాను.

లెక్కల్లో గట్టెక్కించే ఆకు మీ వీధిలో ఇంకేదైనా ఉంటే చెప్పండి, అదీ నాటుతాను.