బొట్టు పెట్టిన చెత్తడబ్బా

స్మార్ట్ సిటీ పరిశోధనకని ప్రభుత్వం మా జనగామ కాలేజీకి నిధులిస్తే, నిండగానే ఫోనుకు కబురు పంపే చెత్తడబ్బా తయారుచేశాం. బస్టాండులో పెట్టిన రోజు మా ప్రిన్సిపాల్ ఊరుకోడే! కొత్త బండికి చేసినట్టే పసుపు రాసి, బొట్లు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టాడు.

ఇక దాంట్లో చెత్త వేసేదెవరు? అరటితొక్క పట్టుకున్న ఒక అవ్వను "డబ్బాల ఎయ్యవ్వా" అని నేనే బతిమాలాను.

"బొట్టు పెట్టినదాంట్ల ఎంగిలి ఎయ్యమంటవా? గిదేనా బిడ్డా నువ్వు సదువుకున్నది?" అని కసిరి, తొక్కను పక్కన పడేసి, డబ్బాకు దండం పెట్టి పాలకుర్తి బస్సెక్కింది.

డబ్బా చుట్టూ చెత్త మోకాలెత్తు పేరుకుంది. డబ్బా నుంచి మాత్రం ఒక్క కబురూ రాలేదు. ఊళ్లో చెత్తే లేకుండా చేశామని హైదరాబాదు పెద్దసార్లు మాకు శాలువాలు కప్పి, ఊరంతా డబ్బాలు పెట్టమని మళ్లీ నిధులిచ్చారు.

ప్రిన్సిపాల్ అప్పుడే బస్తాడు కొబ్బరికాయలు తెప్పించాడు.