బాతుగుడ్ల వెంకాయమ్మ తాలూకు

నేను మలయా రబ్బరు తోటల్లో పుట్టి, చదువుకోసం వాల్తేరు వచ్చినవాణ్ణి. డిగ్రీ చేతికి రాగానే అవనిగడ్డ హైస్కూల్లో మేష్టరు ఉద్యోగం దొరికింది. బందరులో బస్సెక్కి కూర్చున్నానో లేదో, పక్కనున్న పెద్దావిడ తన బాతుగుడ్ల బుట్ట నా ఒళ్లో పెట్టేసింది. ఆ గతుకుల్లో బుట్టని రెండు చేతులా పొదివి పట్టుకున్నాను.

చల్లపల్లి దాటాక అడిగింది. "ఎవరి తాలూకు బాబూ?"

"ఇక్కడ నాకెవరూ లేరండీ. మాది మలయా."

"పెళ్లయిందా?"

"లేదండీ."

ఆవిడ దిగులు పడింది. "ఒంటరి మగాడికి ఇల్లెవరిస్తారయ్యా? ఎవరన్నా అడిగితే బాతుగుడ్ల వెంకాయమ్మ తాలూకని చెప్పు."

"నేనెవరో మీకు తెలీదు కదండీ!"

"ఎందుకు తెలీదూ? ఇంత దూరం పట్టుకొచ్చావు, ఒక్క గుడ్డు పగిలిందా?"

అవనిగడ్డలో ఇల్లుగలావిడ నా డిగ్రీ సంగతి ఎత్తనే లేదు. గుమ్మంలోనే ఆపి, "ఎవరి తాలూకండీ?" అంది.

బెరుగ్గానే చెప్పాను.

"అలా చెప్పండి మరి!" అంటూ తాళంచెవి నా చేతిలో పెట్టింది. తర్వాత నా సంచీకేసి చూసి, "గుడ్లు మీతో పంపలేదేం?" అంది.