బలమెక్కువై అన్‌ఫిట్

బలం కోసం తాగి, ఆరోగ్యం బాగాలేదని చెప్పించుకున్న మనిషి జగిత్యాల జిల్లాలో ఒక్కడే ఉంటాడు. ఆ ఘనుడు రాసిందే మీరిప్పుడు చదువుతున్నారు. కాస్త ఓపిక పట్టండి, నా పరువు మీ కళ్లముందే పోతుంది.

అప్పుడు నాకు దుబాయిలో గోదాము పని కుదిరింది. ఏజెంటు ఒక్కటే మెలిక పెట్టాడు. ముందు జగిత్యాలలో డాక్టరమ్మకు చూపించుకోవాలి, ఆమె ఫిట్ అంటేనే వీసా మాట. మా అక్క మొగుడు గంగారాం బావ ఆ దేశంలో పనిచేసి వచ్చినవాడు. కోరుట్ల నుంచి నన్ను బండి మీద తీసుకుపోతూ, "బామ్మర్దీ, ఎదురుకట్టె లెక్క బక్కగున్నవ్. జర ఛాతి ఇరిసి నడువు" అన్నాడు.

ఆ మాట ముల్లులా దిగింది. బావ బండి నిలపడానికి పోగానే పక్క దుకాణంలో ఎనర్జీ డ్రింకు డబ్బాలు రెండు కొని, పరగడుపునే గటగటా తాగేశాను. కాసేపటికి గుండె సిరిసిల్ల మరమగ్గంలా టకటకా ఆడటం మొదలుపెట్టింది. డాక్టరమ్మ బీపీ పట్టీ చుట్టి చూసింది. నమ్మకం కుదరక మళ్లీ చుట్టింది.

"ఏం తాగి అచ్చినవ్?"

"దేవుని తోడు మేడం, మందు ముట్టలే. మా బావనడుగున్రి."

"మరి గుండె గిట్లెందుకు ఉరుకుతుంది?"

"బలంగున్న మేడం."

"చేతులెందుకు వణుకుతున్నయ్?"

"బలమెక్కువై."

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఇక దాచలేక డబ్బాల సంగతి చెప్పాను, కొంచెం గర్వంగానే.

"గది బలం గాదు తమ్మీ. గా డబ్బలల్ల కెఫీను, చక్కెర మస్తుగుంటయ్. అలసిన ఎద్దును కట్టెతోటి కొడితే ఉరుకుతది. దాని కడుపు నిండినట్టా? బీపీ, గుండెజబ్బు ఉన్నోళ్లు గిట్ల తాగితే పానం మీదికస్తది. పిల్లలైతే ముట్టనే వద్దు."

"మరి నా వీసా?"

"ఇయ్యాల అన్‌ఫిట్. కడుపునిండ తిని, కంటినిండ పండి, వచ్చే వారం రా. మళ్ల చూస్త."

కొండనాలుకకు మందేస్తే ఉన్న వీసా ఊడేలా ఉంది. బయట బావ, "ఏమన్నది?" అని అడిగాడు.

"బలమెక్కువైందన్నది."

బావ నా మొహం చూసి బండి తీశాడు.

ఆ వారమంతా అక్క పెట్టిన జొన్నగటుక తిన్నాను. చీకటి పడగానే పడుకున్నాను. మళ్లీ వెళితే డాక్టరమ్మ ఒక్కసారే పట్టీ చుట్టి, నవ్వి, "ఫిట్" అంది. బయటికి రాగానే, నాలాగే వీసా పరీక్షకొచ్చి వరుసలో కూర్చున్న పిల్లగాళ్లు ఆ మాట విని చుట్టుముట్టారు.

"అన్నా, ఏం తాగి పోయినవే?"

"మంచినీళ్లు."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "చెప్పుమంటే దాస్తుండు. ఏదో ఫారిన్ సరుకే తాగిండు" అని తేల్చేశారు.

అక్కడే, జగిత్యాల నడిబజారులో, చెయ్యి ముందుకు చాపి ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో బలం తగ్గిందనిపిస్తే ఇంకో ముద్ద తింటాను. అప్పటికీ తగ్గితే, బక్కవాడిగానే బతుకుతాను.