గోపన్‌పల్లి దాకా తరిమాను

ఆ ఆదివారం పొద్దున గచ్చిబౌలి నుంచి యూనివర్సిటీ వెనక గోడ వెంబడి గోపన్‌పల్లి వైపు పరుగెత్తుతున్నాను. మారథాన్ దగ్గరపడుతోందని దూరం పెంచాను. వెనక నుంచి ఒక బైకు వచ్చి నా పక్కన నెమ్మదించింది. నడిపేవాడు చెయ్యి చాపి నా రొమ్ము పట్టి నలిపాడు.

చదువుకునే రోజుల్లో కర్నూలు బస్సులో ఇలాగే జరిగితే బిగుసుకుపోయి నిలబడ్డాను. ఎవరికీ చెప్పలేదు. ఈసారి నా చెయ్యి దానంతటదే వాడి చొక్కా పట్టుకుంది. ఇద్దరం తారు మీద పడ్డాం. నా మోచేతి చర్మం లేచిపోయింది. వాడు ముందు లేచి నా కడుపులో తన్నాడు. ఇంకోటి మూతి మీద. పెదవి చిట్లింది. బైకు స్టార్ట్ కాకపోతే అక్కడే వదిలేసి ఉరికాడు.

నేనూ లేచాను.

కాసేపట్లోనే వాడు నన్ను చాలా వెనక వదిలేశాడు. నేను తొందరపడలేదు. ఏళ్ల తరబడి నేర్చుకున్నది అదొక్కటే, ఊపిరి చెదరకుండా పోతూనే ఉండటం. వాడు ఆగి రొప్పుతూ వెనక్కి చూసేవాడు. నేను కనిపించేదాన్ని. మళ్లీ ఉరికేవాడు. అపార్ట్‌మెంట్లు కడుతున్న మట్టిదారిలోకి తిరిగి రాళ్లు విసిరాడు. ఒకటి నుదుటికి తగిలి, నెత్తురు కంట్లోకి దిగింది. తుడుచుకుంటూ అదే వేగంతో అడుగు వేశాను.

చివరికి ఇసుక కుప్ప పక్కన కూలబడి కక్కుకున్నాడు.

"ఏందక్కా, గింత దూరం వస్తవా," అన్నాడు.

డొక్కలో తన్నాను. ముడుచుకున్నాడు. మళ్లీ తన్నాను. బూటు కింద ఎముక తెలిసింది. నాకు సంతోషంగానే ఉంది. సైటు కాపలా ఉండే పెద్దాయన పరుగున వచ్చి నా చేతులు రెండూ వెనక్కి పట్టి లాగాడు.

"ఇడువు బిడ్డా, సచ్చిపోతడు."

అప్పుడు గానీ ఆగలేదు. పోలీసుల్ని ఆయనే పిలిచాడు.

దవాఖానలో నుదుటికి కుట్లు వేస్తుంటే మా ఆయన అడిగాడు, బైకు దొరికింది కదా, పోలీసులు చూసుకునేవాళ్లు, నువ్వెందుకు వెంటపడ్డావని. ఈ పరుగు బరువు తగ్గడానికని మొదలుపెట్టాను, తర్వాత మెడల్స్ కోసం అనుకున్నాను. నిజానికి ఇన్నేళ్లూ, ఆ బస్సులో కదలని కాళ్లకి కదలడం నేర్పుతున్నాను.

మారథాన్ నాటికి దెబ్బలు మానలేదు. వెళ్లనందుకు బాధేమీ కలగలేదు. నెల తిరిగాక అదే రోడ్డుకి వెళ్లాను. మా ఆయన స్కూటీ మీద వెనకే వచ్చాడు. గోడ మొదలయ్యే చోట ఆగి, ఇంటికి వెళ్లమన్నాను.

"భయంగా లేదా?"

ఉందని చెప్పి పరుగందుకున్నాను. వెనక నుంచి బైకు చప్పుడు వినిపించిన ప్రతిసారీ పిడికిలి బిగుసుకుంది. కాళ్లు మాత్రం ఆగలేదు.