హ్యాండిల్ తిప్పే ముందు ప్రార్థన

1977 ఎండాకాలంలో నన్ను నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వైపు ఒక చిన్న సబ్‌స్టేషన్‌కు ఆపరేటర్‌గా వేశారు. కుటుంబం నంద్యాలలోనే ఉండిపోయింది. ఆపరేటర్ అంటే పెద్ద హోదా అనుకునేరు. ఊళ్లకు కరెంటు ఇచ్చేవాడూ వాడే, తీసేవాడూ వాడే, తిట్లు తినేవాడూ వాడే.

మా పనిలో అన్నిటికంటే ముఖ్యమైన నియమం లైన్ క్లియర్. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఆపరేటర్ దగ్గర సంతకం పెట్టి ఆ అనుమతి చీటీ తీసుకోవాలి. ఆపరేటర్ సరఫరా ఆపి, స్విచ్చి హ్యాండిల్‌కు తాళం వేస్తాడు. పని అయ్యాక, తీసుకున్న మనిషే వచ్చి వెనక్కివ్వాలి. అప్పుడే మళ్లీ కరెంటు. నియమంలో లోపం లేదు. కానీ ఒకరు లైన్ క్లియర్ తీసుకున్నారని తెలిస్తే చాలు, అదే లైను మీద ఇంకో ఊళ్లో పని మిగిలినవాడు "ఎట్లాగూ కరెంటు లేదు గదా" అని చెప్పాపెట్టకుండా స్తంభం ఎక్కేసేవాడు. మోటార్లు ఆగితే రైతులు ఊరుకోరు, మళ్లీ ఇంకోసారి ఆపించడం ఎందుకని వాళ్ల ఆలోచన.

మరుసటి ఏడు సుబ్బన్న అనే లైన్‌మన్ అట్లాగే ఎక్కాడు. ఆ రోజు లైన్ క్లియర్ తీసుకున్నది ఓబులేసు. అతను తన పని ముగించి, పద్ధతి ప్రకారం నాకు వెనక్కిచ్చాడు. నేనూ పద్ధతి ప్రకారమే కరెంటు ఇచ్చాను. సుబ్బన్న స్తంభం మీదే పోయాడు. విచారణకు వచ్చిన ఇంజనీరు నా తప్పేమీ లేదని రాసి వెళ్లాడు. అయినా నాకు నిద్ర పట్టలేదు. పక్క సెక్షన్ మనిషి కావడంతో సుబ్బన్న పేరు కూడా నాకు శవపంచనామా నాడే తెలిసింది.

అప్పటి నుంచి హ్యాండిల్ పట్టుకుంటే చెయ్యి కదిలేది కాదు. ఏ స్తంభం మీద ఎవరున్నారో అన్న తలంపు ఒకటే తొలిచేది. దానం అని పేరు పెట్టిన క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాణ్ణి, నాకు ప్రార్థనే దిక్కు. ఈ తలంపులు తీసెయ్యి ప్రభువా అని అక్కడే కళ్లు మూసుకుని వేడుకునేవాణ్ణి. అవి పోయేవి కావు. ఒక్కోసారి దేవుడి మీదే కోపం వచ్చేది. గేటు దగ్గర రైతులు అరిచేవాళ్లు.

"ఏందప్పా, ఆడ మడి ఎండిపోతాంటే నువ్వు ఈడ కండ్లు మూసుకొని నిలబడినావు?"

వాళ్ల బాధ వాళ్లది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని నేను ఎవరికీ చెప్పుకోలేదు. ఉద్యోగం వదిలేద్దామని మాత్రం గట్టిగా అనుకున్నాను. ఆ మాట మొదట నా భార్య కరుణమ్మతో అన్నాను, ఒక ఆదివారం నంద్యాలలో, చర్చి నుంచి వచ్చాక. ఆమె ఓదార్చే రకం కాదు.

"మీ భయం తీసెయ్యమని అడుగుతాండారు. ఆ పైకెక్కేటోళ్ల కోసం ఎప్పుడన్నా అడిగినారా?" అంది.

నాకు రోషం వచ్చింది. అన్నం తిని బస్సెక్కాను. అయినా ఆ వారంలోనే పక్క సెక్షన్‌కు వెళ్లి, మా లైను మీద పనిచేసే వాళ్లందరి పేర్లూ కనుక్కున్నాను. ఇక హ్యాండిల్ తిప్పే ముందు ఒక్కొక్కరి పేరూ పలికి ప్రార్థన చేయడం మొదలుపెట్టాను.

1980 వేసవిలో ఒక మధ్యాహ్నం ఓబులేసు లైన్ క్లియర్ వెనక్కిచ్చాడు. నేను తాళం తీసి పేర్లు మొదలుపెట్టాను. ఓబులేసు, మద్దిలేటి, జయరాజు, ఖాసిం. ఖాసిం దగ్గర నోరు ఆగింది. మిగతా వాళ్లను ఆ పూట కళ్లారా చూశాను. అతన్ని చూడలేదు.

"ఖాసిం యాడుండాడప్పా?" అని అడిగాను.

"వాడా? పొద్దున బస్టాండు కాడ కనపడినాడు. ఏదో తీగ సరిచెయ్యాలని..." ఓబులేసు మాట అక్కడే ఆగిపోయింది. "తిప్పొద్దన్నా! నేను పోయి చూసొస్తా" అని సైకిలెక్కాడు.

మళ్లీ తాళం వేసి కూర్చున్నాను. బయట రైతులు నా తల్లిని కూడా కలిపి తిట్టారు. ఆ సేపంతా ప్రార్థన చేశానంటే అబద్ధం. ఖాసిం, ఖాసిం అని ఆ పేరొక్కటే అనుకున్నాను. ఓబులేసు వెళ్లేసరికి ఖాసిం స్తంభం మీదే ఉన్నాడట, పైనుంచి నవ్వుతూ చెయ్యి ఊపాడట.

సాయంత్రం ఖాసిం వచ్చి కాళ్లావేళ్లా పడ్డాడు.

"దానమన్నా, పైకి రాయొద్దు. పిల్లోళ్లు గలోణ్ణి. ఉద్యోగం పోతాది."

నేను రాశాను. రాయకపోతే రేపు ఇంకొకడు ఎక్కుతాడు. అతన్ని కొన్ని నెలలు సస్పెండ్ చేశారు. ఆ నెలల్లో అతని భార్య కూలికి పోయింది. తిరిగి ఉద్యోగంలో చేరాక కూడా నేను ఎదురైతే ఖాసిం రోడ్డు దాటి అవతలికి పోయేవాడు.

ఇందులో నేను నేర్చుకున్నది చిన్నదే. పనిచోట చేసే ప్రార్థనలో ఎదుటివాడి పేరు ఉండాలి, పేరు పలికాక వాడు ఎక్కడున్నాడో అడగాలి. భయం మాత్రం రిటైరయ్యే దాకా పోలేదు, పొమ్మని మళ్లీ అడగనూ లేదు. ఖాసిం నాతో ఒక్క మాటా మాట్లాడకుండా సర్వీసు పూర్తి చేసి, పింఛను తీసుకున్నాడు.